మా చెత్త, మా మంట

జావా ఉత్తర తీరంలో కాలీరెజో బజారు గేటు దగ్గర పోలీసులు వాగియెమ్ నెత్తిమీది బుట్టను లాఠీతో పడగొట్టారు. కుళ్లిన బొప్పాయిలు, క్యాబేజీ ఆకులు, పాచిపోయిన అన్నం రోడ్డంతా పడ్డాయి.

"ఏమే, దొంగతనమా?" అన్నాడు హెడ్డు.

"కుళ్లినాకులు దొంగిలిస్తానా అయ్యా? ఏళ్లుగా మేమే ఎత్తుతున్నాం కదా!"

"ఇకమీదట చెత్త కూడా కాంట్రాక్టరు హెందార్తోగారిదే. గుత్త ఆయనది. దాంతో కరెంటు తీసి అమ్ముకుంటాడు."

ఆ చెత్తను కుళ్లబెట్టి తీసిన గ్యాసుతోనే వాగియెమ్ ఉండే కాలవగట్టు పేటలో పొయ్యిలు వెలిగేవి. పేటంతా కలిసి గొయ్యి తవ్వి, ఇటుకలు మోసి కట్టుకున్న గ్యాసు తొట్టి అది. దానికి యజమాని లేడు. అందరిళ్లకూ గొట్టం ఉంది.

మర్నాడు హెందార్తో మనుషులు దాన్ని పగలగొట్టడానికి వచ్చారు. వాగియెమ్ మొగుడు పైజో రిక్షా వదిలేసి అడ్డం నిలబడ్డాడు. గునపం దెబ్బ తలకు తగిలింది. అతను పడిపోగానే వాళ్లు తొట్టిని వదిలేసి పారిపోయారు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. పోలీసులు 'జారిపడ్డాడు' అని తేల్చేసి, గొట్టం మొదట్లో తాళం వేసి వెళ్లారు.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం ఖురాన్‌లోని యాసీన్ చదవడానికి పేటంతా వాగియెమ్ ఇంట్లో చేరింది. పోయినవాడి పేర అన్నం పెట్టాలి. పొయ్యి వెలగదు.

పేటపెద్ద సుకర్ది గొంతు సవరించుకున్నాడు. "తొట్టి వదులుకుంటే హెందార్తో ఇంటికో గ్యాసు సిలిండరు ఇస్తానంటున్నాడమ్మా. పిల్లలు పస్తులున్నారు. తీసుకుందాం."

చేపలమ్మే లస్మి భగ్గుమంది. "అది అయిపోయాక ఏం చేద్దాం పెదనాన్నా? ఇంకొకణ్ణి చంపించుకుందామా?"

"నోరుంది కదా అని అరవకే! రేపు లాఠీలొస్తే నువ్వు ఆపుతావా?"

"ఒక్కదాన్నే ఎట్లా ఆపుతాను? పైజో అన్న కూడా ఒక్కడే నిలబడ్డాడు. మనమంతా ఏం చేశాం? సందుల్లోంచి చూశాం!"

వాగియెమ్ గోడ పట్టుకుని లేచింది.

"నేనూ అంతే చేశాను. 'తగువెందుకయ్యా, లోపలికి రా' అని పిలిచాను. ఆయన నాతో అన్న ఆఖరి మాట ఏంటో తెలుసా? 'నువ్వే బయటికి రావే' అన్నాడు. నేను వెళ్లలేదు." ఆమె గుమ్మం వైపు నడిచింది. "ఇప్పుడు వెళ్తున్నాను, ఆ తాళం తీయడానికి. వచ్చేవాళ్లు రండి."

సుకర్దే తన ఇంటికెళ్లి సుత్తి తెచ్చాడు. తాళం ఊడింది. పొయ్యి మీద నీలిమంట లేచింది. ఆడవాళ్లు బియ్యం పోశారు.

అన్నం ఉడుకుతుండగా పోలీసు జీపు వచ్చింది. "తాళం పగలగొట్టించిందెవరు?"

"నేనే," అంది వాగియెమ్. రెక్క పట్టుకుని జీపులోకి తోశారు.

"లస్మీ, అన్నం మాడనివ్వకే! అందరికీ పెట్టు. పొద్దున్నే బుట్టలతో బజారుకు పదండి!"

సుకర్ది వెళ్లి జీపు ముందు మట్టిలో చతికిలబడ్డాడు. ఆయన పక్కన లస్మి, ఆమె పక్కన రిక్షావాళ్లు, చంకన బిడ్డలతో తల్లులు. హారను ఎంత మోగినా ఒక్కరూ కదల్లేదు.

మొగుణ్ణి పూడ్చిపెట్టినప్పుడు కూడా ఏడవని వాగియెమ్, జీపు కమ్మీలు పట్టుకుని వాళ్లను చూస్తూ బావురుమంది.