నీళ్లు తగల్లేదు

కాగితంలో మూడే వరుసలున్నాయి. వస్తువు: వైర్‌లెస్ హెడ్‌ఫోన్. లోపం: ఆన్ కావడం లేదు. కారణం: నీళ్లు తగిలి తుప్పు పట్టింది, కస్టమర్ నిర్లక్ష్యం. కింద నా సంతకం కోసం ఒక గీత.

రెండుసార్లు చదివి, కాగితాన్ని కౌంటర్ మీదుగా తిరిగి సతీష్ వైపే జరిపాను.

“నేను సంతకం పెట్టను.”

“ఎందుకండీ?” అన్నాడు సతీష్. అతనిది సత్తుపల్లి వైపు. మణుగూరులో ఈ సర్వీస్ సెంటర్ తెరిచినప్పటి నుంచి కౌంటర్‌లో అతనే ఉంటున్నాడు.

“దీనికి నీళ్లు తగల్లేదు.”

“తగల్లేదని మీరంటున్నారు. తగిలాయని ఇది చెబుతోంది.” హెడ్‌ఫోన్ అడుగున చార్జింగ్ వైరు పెట్టే రంధ్రంలోకి సెల్‌ఫోన్ టార్చి వేసి చూపించాడు. లోపలి పిన్నుల మీద గోధుమరంగు మరక ఉంది. “తుప్పు. వానాకాలంలో రోజుకు పది చూస్తానండీ ఇలాంటివి.”

వెనక బెంచీ మీద కూర్చున్న నాయిన తడిసిన తువ్వాలును పిండుకుంటూ అన్నాడు. “పెట్టెయ్యరాదా బిడ్డా. సారు చూసి చెప్తుండు కదా. పెడితే ఒడుస్తది. మల్ల ఆటో దొరకదు.”

పెడితే ముగిసిపోయేది నా ఉద్యోగమని నాయినకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ హెడ్‌ఫోన్ నాది కాదు, నేను ఇంటి నుంచి పనిచేసే ఖమ్మం కంపెనీది. రైతులు ఫోన్‌లో చెప్పుకున్న ఫిర్యాదులను విని టైపు చేయడం నా పని. పురుగు పట్టిందని ఒకరు, కరెంటు రావడం లేదని ఒకరు. మా వైపు మాట మా వైపు వాళ్లకే సరిగ్గా వినబడుతుందని నన్ను తీసుకున్నారు. కంపెనీ ఇచ్చిన హెడ్‌ఫోన్ కలిస్తేనే కంప్యూటర్‌లో ఆ పని తెరుచుకుంటుంది. మా ఊరు మణుగూరుకు పద్నాలుగు కిలోమీటర్లు, అడవిలో. సిగ్నల్ మా ఇంటి వెనక ఇప్పచెట్టు దగ్గర మాత్రమే వస్తుంది కాబట్టి నాయిన అక్కడ తడికెలు కట్టి చిన్న పాక వేసిచ్చాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే. ఆ పాకను ఊళ్లో అందరూ ప్రమీల ఆఫీసు అంటారు. కొందరు నవ్వుతూ అంటారు, కొందరు మామూలుగానే అంటారు.

మూడు నెలల పరీక్షకాలం ఈ శనివారంతో అయిపోతుంది. కంపెనీ వస్తువును నిర్లక్ష్యంతో పాడుచేస్తే ఉద్యోగం నుంచి పేరు తీసేస్తామని మొదటి రోజే సంతకం చేయించుకున్నారు. దాన్ని కూడా నేను చదివే పెట్టాను. ఇప్పుడు మా పై అధికారి మనోజ్ఞ మేడం శనివారం సాయంత్రం ఐదింటిలోపు సర్వీస్ రిపోర్టు కావాలంది. ఈ రోజే శనివారం.

హెడ్‌ఫోన్ ఎలా పాడైందో మాత్రం నాకు తెలియలేదు. ఖమ్మంలో నాలుగు రోజుల ట్రైనింగ్‌కు వెళ్తూ దాన్ని ఇంట్లో మేకుకు తగిలించి వెళ్లాను. వచ్చేసరికి అదే మేకుకు ఉంది. కానీ బటన్ నొక్కితే లైటు రాలేదు. రాత్రంతా చార్జింగ్ పెట్టినా రాలేదు. వైరు మార్చాను, పక్కింటివాళ్ల చార్జర్ తెచ్చాను, వీడియోలో చెప్పినట్టు బటన్ నొక్కిపట్టి పది లెక్కపెట్టాను, తర్వాత ముప్పై లెక్కపెట్టాను. ఏమీ లేదు. ఒక్క చుక్క నీళ్లు పడకుండా చూసుకున్నానని నాకు తెలుసు. ఆ గోధుమరంగు మరక ఏమిటో నాకు తెలియదు.

“సంతకం లేకుండా రిపోర్టు ఇవ్వలేనండీ,” అన్నాడు సతీష్. “ఐదింటికి కౌంటర్ మూసేస్తాం.”

“ఐదింటిలోపే వస్తా. హెడ్‌ఫోన్ ఇయ్యండి.”

బయటికి రాగానే నాయిన అడిగాడు. “ఒక్క సంతకం బిడ్డా. గంత పట్టుదలేంది?”

“బోరు కాగితం యాదికి లేదా నాయినా?”

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక కాంట్రాక్టరు మనిషి వచ్చి, చేలో బోరు వేయడానికి దరఖాస్తు అని చెప్పి నాయినతో వేలిముద్ర వేయించుకున్నాడు. అది దరఖాస్తు కాదు. బోరు వేశారు, నీళ్లు పడ్డాయి అని రాసిన కాగితం. ఈ రోజుకీ కాగితం మీద మా చేలో బోరుంది.

బస్టాండు ఎదురుగా మక్సూద్ రిపేరు కొట్టు. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ముందు రీచార్జీలు, ఫోన్ కవర్లు మక్సూద్ భార్య షరీఫా చూసుకుంటుంది. వెనక దీపం కింద తలవంచుకుని మక్సూద్ ఉంటాడు. విషయమంతా చెప్పాను. నాయిన కొట్టును కిందికీ మీదికీ చూశాడు.

“గంత పెద్ద షాపుల కానిది గీ డబ్బాల అయితదా అనుకుంటుండు మీ నాయిన,” అంది షరీఫా.

“నేనేమన్న తల్లీ?”

“నోటితోటి అనలే. చూపుతోటి అన్నవు.”

మక్సూద్ కంటికి అద్దం బిగించుకుని హెడ్‌ఫోన్‌ను తిప్పితిప్పి చూశాడు. “ఇప్పను చెల్లె. ఇప్పితే వారంటీ పోతది. పైనుంచే చూస్త.” ఒక సన్న పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి రంధ్రంలో నెమ్మదిగా తిప్పి తీశాడు. దూది తేనెరంగులోకి తిరిగి జిగురుగా ఉంది. “చూడు. తుప్పయితే గిట్ల కరగదు. ఇది కరిగింది.” ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు ఇచ్చాడు. “వాసన చూడు.”

చూశాను. “నాకేం వాసన వస్తలేదు అన్నా.”

షరీఫా తీసుకుని చూసి నవ్వింది. “నీకెట్ల వస్తది? నీ చున్నీది గూడ గదే వాసన.”

ఒక్క క్షణం చున్నీ దగ్గరికి లాక్కున్నాను. తర్వాత వదిలేశాను. మా ఇంట్లో బట్టలకూ పుస్తకాలకూ అదే వాసన. నా డిగ్రీ పట్టాకు కూడా ఉంటుంది.

“పొగ,” అన్నాడు మక్సూద్. “కట్టెల పొగ జిడ్డు. ముసురు పట్టిందంటే ఊర్ల నుంచి ఫోన్లు గిట్లనే వస్తయి నాకు. పిన్నుల మీద పేరుకుంటది, కరెంటు లోపలికి పోదు. పొయ్యి మీద ఏలాడదీసిన్రా దీన్ని?”

“హెడ్‌ఫోన్‌ను పొయ్యి మీద ఎవరు ఏలాడదీస్తరు అన్నా?”

నాయిన దగ్గాడు. “మీ అమ్మకు ఫోన్ చెయ్యి.”

అమ్మ పేరు చిన్నక్క. మేం బయటికొస్తే ఫోన్ పట్టుకుని ఇప్పచెట్టు పాకలోనే కూర్చుంటుంది. ఫోన్ ఎత్తగానే గట్టిగా మాట్లాడుతుంది, దూరం ఎంతో అంత గట్టిగా.

“అమ్మా, నేను ఖమ్మం పోయినప్పుడు నా హెడ్‌ఫోన్ యాడ పెట్టినవు?”

“యాడ పెడత? మేకు కాడ గోడంత చెమ్మ. నాలుగు దినాలు ఒకటే ముసురాయె. తీసి ఇత్తనాల బుట్టల పెట్టిన. నువ్వు వస్తున్నవని పొద్దున తీసి, కొంగుతోటి తుడిచి, మల్ల మేకుకు తగిలిచ్చిన.”

విత్తనాల బుట్ట మా పొయ్యికి పైన దూలానికి వేలాడుతుంది. మా ఊళ్లో ఏ ఇంట్లోనైనా అంతే. ఉలవలు, బొబ్బర్లు, సొరగింజలు, మళ్లీ భూమిలో పడాల్సినవన్నీ ఆ పొగలోనే ఉంటాయి. పురుగు పట్టదు, చెమ్మ తగలదు. పిల్లలం దాన్ని ముట్టుకుంటే దెబ్బలు పడేవి.

“అక్కడెందుకు పెట్టినవమ్మా?”

“ఇంట్ల అంతకంటే మంచి జాగ యాడున్నది? ఏమైంది, ఖరాబైందా?” అమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గింది. “నా వల్లనా?”

“బాగైతది. నువ్వు ఫికర్ చెయ్యకు.”

ఫోన్ పెట్టేశాక షరీఫా నవ్వలేదు.

మక్సూద్ మరో నాలుగు పుల్లలు వాడాడు. దూది తెల్లగానే వచ్చేదాకా తుడిచి, ఒక పాత చార్జర్ తీశాడు. “నాలుగు దినాల సెగకు బ్యాటరీ మొత్తం అడుగంటింది. జల్దీ చార్జర్ పెడితే తీసుకోదు. గీ పాతదే మెల్లగ ఎక్కిస్తది. వస్తే వస్తది. రాకుంటే నా చేతుల లేదు చెల్లె.”

రెండున్నరకు పెట్టాడు. మూడయింది. లైటు లేదు. నాయిన బయట వాన చూస్తూ నిలబడ్డాడు. మూడూ పదికి మనోజ్ఞ మేడం ఫోన్ చేసింది.

“ప్రమీలా, సర్వీస్ సెంటర్ నుంచి మెయిల్ వచ్చింది. వాటర్ డ్యామేజ్ అని, సంతకం పెండింగ్ అని ఉంది. ఏంటిది?”

“అది తప్పు మేడం. ఐదింటిలోపు సరిచేయించి పంపుతాను.”

“వాళ్లు సరిచేస్తారా?”

“చేయిస్తాను మేడం.”

ఆ మాట అనేటప్పటికి నా చేతిలో ఉన్నది ఒక జిడ్డు పట్టిన దూదిపుల్ల మాత్రమే.

మూడుంపావు దాటాక ఎర్రలైటు వచ్చింది. వచ్చి పోయింది. మళ్లీ వచ్చి నిలబడింది. మక్సూద్ నా చేయి పట్టి ఆపాడు. “ఇప్పుడే ఒత్తకు. ఇంకింత ఎక్కనియ్యి.” నాలుగు దాటేదాకా ఆపి, అప్పుడు ఇచ్చాడు. బటన్ నొక్కిపట్టి మనసులో లెక్కపెట్టాను. ఆరు దగ్గర నీలం లైటు వెలిగింది. చెవిలో ఆడగొంతు పవర్ ఆన్ అంది.

నాయిన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “అయిపాయె. పోదాం పా.”

“ఇంకా కాలేదు నాయినా. నీళ్లు తగిలినయని వాళ్ల కంప్యూటర్ల ఉన్నది.”

“నడుస్తుంది కదా బిడ్డా. ఇంక అదెవరు చూస్తరు?”

“బోరు కాగితం గూడ ఎవరు చూస్తరనే అనుకున్నం.”

మక్సూద్ మొదటి దూదిపుల్లను చిన్న కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. “తీస్కపో. సబూత్ ఉండాలె, సాక్ష్యం.”

సర్వీస్ సెంటర్ చేరేసరికి నాలుగూ ఇరవై. గని కాలనీ నుంచి వచ్చిన ఒకాయన నా వెనకే నిలబడ్డాడు. హెడ్‌ఫోన్ ఆన్ చేసి కౌంటర్ మీద పెట్టాను. పక్కనే దూదిపుల్ల పెట్టాను.

“వాసన చూడండి.”

సతీష్ చూశాడు, దించాడు, మళ్లీ చూశాడు. “పొగ,” అన్నాడు.

“పొగ. పొయ్యి మీద విత్తనాల బుట్టల పెట్టిన్రు. జిడ్డు తుడిస్తే పనిచేస్తుంది. అది రాసియ్యండి.”

“పనిచేస్తుంటే ఇంక రిపోర్టు ఎందుకండీ? కంప్లైంట్ కొట్టేస్తాను, అయిపోతుంది.”

“కొట్టేస్తే పొద్దున రాసింది మా కంపెనీ మెయిల్‌ల అట్లనే ఉంటది. మార్చి రాయండి.”

“సిస్టంలో పొగ అని లేదండీ. నీళ్లు, పడిపోవడం, కాలిపోవడం, ఇతరాలు. అంతే.”

“ఇతరాలు ఒత్తండి. పక్కన రాయడానికి జాగ ఉంటది.”

“అది ఎవరూ చదవరు.”

“నేను చదువుత.”

సతీష్ నిట్టూర్చి టైపు చేసి, ప్రింటు తీసి ఇచ్చాడు. చదివాను. కస్టమర్ నిర్లక్ష్యం వల్ల పొగ పట్టింది అని ఉంది.

“నిర్లక్ష్యం తీసెయ్యండి.”

“మేడం, పొయ్యి మీద పెట్టింది మీరే కదా. తప్పు కాదా?”

“తప్పే. అక్కడ పెట్టొద్దు. పెట్టిన్రని రాయండి, నేను ఒప్పుకుంట. నిర్లక్ష్యం మాత్రం రాయొద్దు.”

“రెండూ ఒకటేగా.”

“కాదు. నిర్లక్ష్యమైతే గోడకే వదిలేసేది మా అమ్మ, చెమ్మ తాగి నిజంగానే తుప్పు పట్టేది. మా ఇంట్ల ఇత్తనం కంటే భద్రంగ దాచేది ఏదీ లేదు. దాని పక్కన పెట్టింది. ఇది తెలియక చేసింది. తెలియక అని రాయండి.”

నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. తగ్గించలేదు.

వెనక గని కాలనీ ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. “రాయవయ్యా జల్దీ. ఆ పిల్ల పోయేటట్టు లేదు. నా నంబరు రావాల్నా వద్దా?”

మూడోసారి ప్రింటు వచ్చింది. చార్జింగ్ పిన్నులపై కట్టెల పొగ జిడ్డు. తేమ తగలకుండా పొయ్యిపై భద్రపరచడం వల్ల, తెలియక జరిగింది. నీళ్లు తగిలిన ఆనవాళ్లు లేవు. శుభ్రం చేశాక పనిచేస్తున్నది.

“చదువు,” అన్నాడు నాయిన. ఎప్పుడు లేచి వచ్చాడో పక్కనే నిలబడి ఉన్నాడు. పైకి చదివాను. నీళ్లు తగిలిన ఆనవాళ్లు లేవు అన్న దగ్గర ఆపి, ఇంకోసారి చదవమన్నాడు.

గీత మీద కుంజా ప్రమీల, బి.ఎస్సీ. అని సంతకం పెట్టాను. బి.ఎస్సీ. అవసరం లేదు. అయినా రాశాను. నాలుగూ నలభై ఎనిమిదికి ఫోటో తీసి మేడంకు పంపాను.

ఊరికి ఆటోలో సగం దూరం పోయాక, సిగ్నల్ పోయే మలుపుకు ముందు, ఫోన్ వచ్చింది.

“పొయ్యి సంగతి రాయించాల్సింది కాదు ప్రమీలా,” అంది మనోజ్ఞ మేడం. “బాగైంది అని ఒక్క ముక్క వేస్తే సరిపోయేది. పైవాళ్లు నవ్వుతారు.”

“నవ్వనియ్యండి మేడం. జరిగింది అదే.”

“సరే. నిర్లక్ష్యం అని లేదు కాబట్టి నీ పేరు తీయడానికి కాగితం లేదు. సోమవారం తొమ్మిదింటికి లాగిన్ అవ్వు.”

మలుపు తిరగగానే సిగ్నల్ పోయింది. నాయిన ఏమైందని అడగలేదు, నా ముఖం చూసి తెలుసుకున్నట్టున్నాడు. తువ్వాలు భుజాన సర్దుకుని అన్నాడు.

“ఆ బోరు కాగితం ఏ ఆఫీసుల ఉంటదంటవ్?”

“కనుక్కుంట నాయినా.”

“కనుక్కో,” అన్నాడు. “దాంట్లె ఏం రాసిన్రో నాకు చదివి చెప్పాలె. మొత్తం. ఒక్క ముక్క ఇడువకుంట.”