బంగారు చారల బండి

ఆ బండి నిజానికి ఉప్పలయ్యకు రావలసింది. ఆ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా అన్నం సయించేది కాదు అతనికి.

ఉప్పలయ్య కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. పద్నాలుగేళ్లు సైకిలు తొక్కి తొక్కి, చివరికి 1985లో, జపాన్ వాళ్ల ఇంజనుతో వచ్చిన కొత్త వంద సీసీ బండికి పేరు రాయించుకున్నాడు. ఎనిమిది నెలలకు వంతు వచ్చింది. హనుమకొండ షోరూముకు పోతే మేనేజరు రెండు బండ్లు చూపించాడు. ఒకటి మామూలు ఎర్ర బండి. రెండోది స్పోర్ట్ మోడలు, కంపెనీ లెక్కపెట్టి కొన్నే చేసిన స్పెషల్ ఎడిషన్. నల్లటి ట్యాంకు మీద బంగారు రంగు చారలు, కిందికి వంచిన హ్యాండిలు, హెడ్‌లైటు నెత్తిన పొగరంగు అద్దం, ఒక మీటరు ఉండే చోట రెండు మీటర్లు.

"జిల్లాకు రెండే వచ్చినయి. లిస్టుల మీ పేరు ముందున్నది. కావాలంటె తీస్కోండి, మూడు వేలు ఎక్కువయితది" అన్నాడు మేనేజరు.

ఉప్పలయ్య గొంతుక్కూర్చుని రెండు ఇంజన్లనూ పరీక్షగా చూశాడు.

"ఇంజను గదే కద సార్?"

"ఇంజను గదే."

"మరి మూడు వేలు దేనికి? రంగు డబ్బాకా?"

షోరూములో ఉన్నవాళ్లంతా నవ్వారు. పనితనం తెలిసినవాడి ముందు ఎవరి ఆటలూ సాగవన్న గర్వంతో ఉప్పలయ్య ఎర్ర బండి తీసుకుని ఇంటికొచ్చాడు.

పది రోజుల తర్వాత రైల్వే క్వార్టర్ల ముందు అదే నల్లబండి ఆగింది. దిగినవాడు అతని తోడల్లుడు వీరభద్రం. వెనక సీటు మీద నుంచి పూలమ్మ, ఉప్పలయ్య భార్య సరస్వతికి చెల్లెలు, కొంగు సర్దుకుంటూ దిగింది. వీరభద్రం ములుగులో పశువుల కాంపౌండరు. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి గొడ్లకు సూదులు వేస్తాడు, ఈనలేని వాటికి పురుళ్లు పోస్తాడు.

"ఎవలో వద్దన్నరంట అన్నా, నాకు దొరికింది. అంత నసీబ్!" అన్నాడు సంబరంగా.

వద్దన్నది ఎవరో ఉప్పలయ్య చెప్పలేదు. సరస్వతి బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. బంగారు చార మీద వేలు పెట్టి రాసింది. "ఎంత మంచిగున్నదే పూలమ్మా!" అంది. పెళ్లయిన పదకొండేళ్లలో తన వస్తువు దేన్నీ ఆమె అలా వేలితో రాయగా ఉప్పలయ్య చూడలేదు.

అక్కడ మొదలైంది. ఆ యేడు వైశాఖంలో చుట్టాల పెళ్లి జరిగితే, పెళ్లికొడుకు వీరభద్రం బండికి ఆనుకుని ఫోటో దిగాడు. పక్కనే నిలబెట్టిన ఎర్ర బండిని ఫోటోకు అడ్డమని ఎవరో గోడవారకు నెట్టేశారు. నెట్టినప్పుడు ఇండికేటరు పగిలింది. ఎవరూ పట్టించుకోలేదు. ఉప్పలయ్య పగిలిన ముక్కలు ఏరి జేబులో వేసుకుని, ఆ పూట విస్తరి ముందు కూర్చున్నాడే గాని చెయ్యి కదల్లేదు.

తర్వాత అతనికి అదొక పని అయింది. కనిపించిన ప్రతివాడికీ ఆ స్పోర్ట్ మోడలు ఎంత దండగో విడమరిచి చెప్పేవాడు. హ్యాండిలు వంచితే నడుము పట్టేస్తుంది. ఆ అద్దం గాలికి తప్ప వానకు పనికిరాదు. రెండో మీటరు చూసి చేసేదేమీ లేదు. రెండు నెలల జీతం పోసి కొనుక్కునేది గీతలా?

షెడ్డులో అతని పక్క బెంచీ మీద పనిచేసే ఖాజా మొహినుద్దీన్ ఒకరోజు స్పానరు కింద పెట్టి అన్నాడు: "ఉప్పలన్నా, దండగ అంటవు, నేను ఒప్పుకుంట. గని దండగ బండి గురించి రోజు నాకెందుకు చెప్తానవ్? దండగైతే మర్చిపోవాలె గద."

ఉప్పలయ్య ముఖం మాడ్చుకున్నాడు. ఆ వారమంతా ఖాజా తెచ్చిన చాయ్ తాగలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం వీరభద్రం బండిని దగ్గించుకుంటూ, సగం తోసుకుంటూ వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. వెంట వచ్చిన పూలమ్మ కొంగు పిండుకుంటూ లోపలికి పోయింది.

"నిన్నటి సంది బండి ఆగిపోతాంది అన్నా. పెట్రోలు అయిపోతె ఊళ్లె ఒకని కాడ డబ్బల పోయించుకున్న. షోరూముకు పోలే. నీ చెయ్యి పడితే సాలు, నాకు ఫికర్ లేదు."

అతను లోపల బట్టలు మార్చుకుంటుండగా ఉప్పలయ్య కార్బొరేటరు కింది గిన్నె విప్పాడు. అడుగున నీళ్లు, తుప్పు నలుసులు. డబ్బాలోని మురికి అంతా దిగింది. తుడిచి బిగిస్తే పావుగంట పని. గిన్నె అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లో పూలమ్మ కొత్త దండకడియం గురించి సరస్వతి అడగడం వినపడుతోంది. వాళ్లిద్దరి నవ్వూ వినపడుతోంది.

వీరభద్రం తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమన్న తెలిసిందా అన్నా?"

"లోపటి పార్టు పోయింది తమ్మీ" అన్నాడు ఉప్పలయ్య. మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది. "మామూలు బండిదైతె రేపే దొరుకుతది. ఇది స్పెషలాయె. మద్రాసు నుంచి రావాలె. నెల పట్టచ్చు."

వీరభద్రం ముఖం వాడిపోయింది. ఆ వాడిన ముఖం చూస్తే ఉప్పలయ్యకు నెలల తరబడి లేని చల్లదనం కలిగింది. "నేను ముందే అంటనే ఉన్న, దండగని" అని కూడా అన్నాడు. బండిని పెరట్లో రేకుల కింద పెట్టి టార్పాలిన్ కప్పి, తోడల్లుణ్ణి, మరదల్ని బస్సెక్కించి వచ్చాడు. వచ్చి, పావుగంటలో బండి బాగుచేశాడు.

మర్నాడు తెల్లవారుతూనే దాన్ని బయటికి తీశాడు. ఖిలా వరంగల్ దాకా పోయి వచ్చాడు. ఇంజను ఇంజనే. పికప్పు తన బండిదే, స్పీడు తన బండిదే. అతను అన్న ప్రతిమాటా నిజమే. కాని కోట దర్వాజా దగ్గర పాలు మోసుకొస్తున్న ముసలాయన ఆగి దారి ఇచ్చాడు. హోటలువాడు స్టవ్వు వదిలి బయటికొచ్చి, "ఎంత పడ్డది సార్?" అనడిగాడు. ఉప్పలయ్యను ఎవరైనా సార్ అనడం అదే మొదలు. "చాన పడ్డది" అన్నాడు, తనదే అన్నట్టు. తిరిగొచ్చి ఎర్ర బండి ఎక్కి డ్యూటీకి పోతుంటే పాత చెప్పులు వేసుకున్నట్టనిపించింది.

మూడో రోజు సరస్వతి పెరటి తలుపు దగ్గర నిలబడి అడిగింది. "పార్టు లేని బండి ఎట్ల నడుత్తాందయ్యా?"

"టెస్టు చేత్తాన."

"రోజు టెస్టేనా?"

ఉప్పలయ్య బండి మీద టార్పాలిన్ కప్పాడు. ఆమె మళ్లీ అడగలేదు. కాని ఆనాటి నుంచి కంచం ముందర పెట్టేటప్పుడు అతని ముఖం చూడడం మానేసింది.

ఇరవై రోజులు గడిచాయి. వీరభద్రం పోస్టుకార్డు రాశాడు, పార్టు సంగతి ఏమైందని. ఉప్పలయ్య జవాబు రాయలేదు. ఇరవై మూడో రోజు పొద్దున్నే వీరభద్రమే వచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా మీద ఎండిన మరకలు. కుర్చీలో కూలబడ్డాడు. సరస్వతి చాయ్ తెచ్చింది.

"పాలంపేటల కట్టమ్మ అని ఒక కూలామె ఉన్నది అన్నా" అన్నాడు. "ఒక్కతే. బర్రె పాలు అమ్ముకొని బతుకుతది. నిన్న బర్రె ఈనలేక పడిపోయిందట, దూడ అడ్డం తిరిగింది. ఖబర్ నాకు పదకొండింటికి వచ్చింది. బస్సు అప్పుడే పోయింది. ఎవలిదో సైకిలు పట్టుకొని పోయిన, బురదల, ఎదురుగాలికి. మూడయింది పోయేసరికి. బర్రె సచ్చిపోయింది. దూడ గూడ లోపటనే పోయింది."

తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

"గంట ముందు పోతే బతికిద్దును. దాని తలకాయ ఒళ్లె పెట్టుకొని కూసున్నది అన్నా ఆమె. నన్ను ఒక్క మాట అనలే. అన్నా బాగుండు."

సరస్వతి తలుపు దగ్గర నిలబడి ఉప్పలయ్య వైపు చూసింది. ఇరవై రోజుల తర్వాత మొదటిసారి సూటిగా చూసింది.

"నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు వీరభద్రం. "షోకులకు పోయి స్పెషల్ కొన్న. నీ అసొంటిది కొంటే పార్టు దొరికేది, బర్రె బతికేది. నాకు ఈ బండి వద్దు. నువ్వే ఉంచుకో. మామూలు బండికి ఎంతయితదో అంతే ఇయ్యి. నీకైతె బాగుచేసుకునుడు వస్తది."

ఉప్పలయ్య కోరుకున్నది చేతికి వచ్చింది. ఊ అంటే చాలు. పైగా తెలివిగలవాడన్న పేరు. లేచి పెరట్లోకి పోయి టార్పాలిన్ లాగేశాడు. బండిని ముందుకు తోసుకొచ్చి స్టాండు వేసి, ఒక్క కిక్కు కొట్టాడు. ఇంజను అందుకుంది. ఒక్క తడబాటు లేదు.

వీరభద్రం ముఖం వెలిగింది. "పార్టు వచ్చిందా?"

"పార్టేం పోలే తమ్మీ. గిన్నెల నీళ్లు. నువ్వు ఇచ్చిన్నాడే బాగుచేసిన. ఈ ఇరవై రోజులు నేనే నడిపిన."

ఇంజను చప్పుడుకు సరిగా వినపడలేదేమోనని వీరభద్రం తాళంచెవి తిప్పి ఆపేశాడు. "ఏందన్నా?"

ఉప్పలయ్య మళ్లీ చెప్పాడు. ఈసారి షోరూములో వద్దన్నది కూడా తనేనని చెప్పాడు. "ఓర్వలేకపోయిన" అన్నాడు. అంతకంటే మంచి మాట దొరకలేదు.

కొడతాడేమో అనుకున్నాడు. కొడితే బాగుండేది. వీరభద్రం బండి వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఒక్కసారి అడిగితె నడపనియ్యకపోదునా అన్నా? నెల ఉంచుకో అందును గద."

బండెక్కి వెళ్లిపోయాడు. సరస్వతి ఏడుస్తూ లోపలికి పోయింది. ఆ యేడు బోనాలకు అక్కాచెల్లెళ్లు కలవలేదు.

ఉప్పలయ్య రెండు వారాలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చివరికి ఖాజాకు చెప్పాడు, మొత్తం. ఖాజా తిట్టలేదు, ఓదార్చలేదు. "మా బావమరిది బండి చూత్తాండు. పిలువమంటవా?" అన్నాడంతే. ఎర్ర బండి ఆ శుక్రవారమే వెళ్లిపోయింది. ఆ పైసలతో ఉప్పలయ్య అంగట్లో ఒక పాడిబర్రెను కొని, దూడతో సహా లారీ ఎక్కించి పాలంపేట తీసుకుపోయాడు.

కట్టమ్మ నాట్ల నుంచి అప్పుడే వచ్చింది, మోకాళ్ల దాకా బురదతో. ఉప్పలయ్య జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె వింటూనే బర్రె దగ్గరికి పోయి పళ్లు చూసింది, పొదుగు తడిమింది, తోక ఎత్తి చూసింది.

"నాది పూటకు మూడు సేర్లు ఇచ్చేది" అంది. "ఇది ఇయ్యది."

"తెల్వదమ్మా. అంగట్ల మంచిదే అన్నరు."

"అంగట్ల గట్లనే అంటరు." పలుపు అందుకుని గుంజకు కట్టింది. కట్టాక అతని వైపు తిరిగి, "దాన్ని నేను చిన్న దూడప్పటి సంది సాదిన. నువ్వు మళ్ల ఈడికి రాకు" అంది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు మాత్రం తెచ్చి, అతని ముందు అరుగు మీద పెట్టింది. ఉప్పలయ్య తాగి, చెంబు బోర్లించి వచ్చేశాడు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే వీరభద్రం ఎదురొచ్చాడు, ఏ ఊరి నుంచో తిరిగివస్తూ. ముందు చూడనట్టే దాటిపోయాడు. కొంత దూరం పోయాక ఆగి, వెనక్కి తిప్పుకొచ్చాడు.

"కట్టమ్మ కాడికి పోయినవా?"

"పోయిన."

"నీ బండేది?"

"అమ్మిన."

వీరభద్రం పెదవులు బిగించి రోడ్డు వైపు చూశాడు. బురద చిమ్మి బంగారు చారలు సగం కనపడడం లేదు. ఉప్పలయ్య కళ్లు వాటి మీదికే పోయాయి. తిప్పుకోవడానికి కష్టపడాల్సి వచ్చింది.

"అక్కకు చెప్పు, పూలమ్మ ఆదివారం వత్తదని" అన్నాడు వీరభద్రం. "నేను రాను. జర టైం పడ్తది నాకు."

గేరు వేసి వెళ్లిపోయాడు. ఎక్కమని అనలేదు. ఉప్పలయ్య కూడా అడగలేదు. బస్సు వస్తే ఎక్కి, చోటు లేక ములుగు దాకా నిలబడే వెళ్లాడు.