భుజాల కొలత

హెలికాప్టర్ ఎక్కే ముందు కాంపౌండరు భుజాలు కొలుస్తాడని తెలిసి, వెల్డర్ రెండు తువాళ్ళు మడిచి చొక్కా లోపల భుజాల మీద సర్దుకున్నాడు. పైన స్వెటర్ తొడుక్కున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, సముద్రం మధ్య చమురు తవ్వే రిగ్గు మీద పదిహేనేళ్ళుగా నిప్పురవ్వలతో కాపురం చేస్తున్నవాడు చివరికి చేసిన ఘనకార్యం ఇదీ.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, తప్పంతా అతనిదే కాదు. కిందటి నెల ఇదే కంపెనీ హెలికాప్టర్ ఒకటి దారిలో చెడిపోయి నీళ్ళ మీద దిగింది. దిగీ దిగగానే బోర్లాపడింది. పదకొండు మంది కిటికీ అద్దాలు తోసుకుని బయటపడ్డారు, ఒకడు బయటపడలేదు. అప్పటినుంచి వెల్డర్‌కి కంటి మీద కునుకు లేదు. "అన్నీ తనిఖీ చేశాం, నిశ్చింతగా ఎక్కండి," అని భద్రత ఆఫీసరు చెప్పాడు. చెప్పింది ఒడ్డున కుర్చీలో కూర్చుని, వీడియోలో.

భుజాలు బాగా వెడల్పున్నవాళ్ళు చిన్న కిటికీలో ఇరుక్కుపోతారని, వాళ్ళ చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టి పెద్ద కిటికీల పక్కన కూర్చోబెడతారు. అలాంటి సీట్లు నాలుగే, అవి నిండితే వెడల్పు మనిషి ఆగిపోవాల్సిందే. వెల్డర్ భుజాలు ఆ కొలతకి అర అంగుళం తక్కువ.

కాంపౌండరు కొలిచాడు, స్వెటర్ వైపు అనుమానంగా చూశాడు, గాలి పెరగకముందే అందరినీ పంపేయాలన్న తొందరలో పట్టీ కట్టేశాడు. వరసలో ఆఖరున నిలబడ్డది క్రేన్ ఆపరేటర్, వెల్డర్‌కి అక్క మొగుడు. రిగ్గులో ఏ గుమ్మమైనా పక్కకి తిరిగి దాటే మనిషి. ఆయనకి కొలత అక్కర్లేదు, చూస్తే చాలు.

"నీతో ఐదుగురయ్యారు, సీట్లు నాలుగే. నువ్వు ఆగాలి," అన్నాడు కాంపౌండరు. "వాన పట్టేలా ఉంది. మళ్ళీ హెలికాప్టర్ ఎల్లుండే."

వెల్డర్‌కి అక్క గుర్తొచ్చింది. రేపు పొద్దున అక్కకి ఆపరేషన్, కడుపులో గడ్డ. బావ వచ్చేదాకా మత్తుసూది వేయనివ్వనని మొండికేసి కూర్చుంది.

"ఏం చేస్తాం, రూలు రూలే," అంటూ బావ బ్యాగు కింద పెట్టేశాడు. "మీ అక్కకి నువ్వే చెప్పరా. నా తప్పేం లేదని చెప్పు."

వెల్డర్ తలూపాడు. నాలుగడుగులు వేశాడు గానీ, అక్క మొహం కళ్ళ ముందే ఆడుతోంది. ఆ పెద్ద కిటికీ కూడా ఆడుతోంది. చచ్చేంత భయమూ, అంతకు మించిన సిగ్గూ. ఆఖరికి వెనక్కొచ్చి, అందరి ముందూ స్వెటర్ విప్పి తువాళ్ళు బయటికి లాగాడు. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కాంపౌండరు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. తిడుతూనే పట్టీ విప్పి బావ చేతికి కట్టాడు.

బావ భుజం తడతాడనుకున్నాడు వెల్డర్. ఆయన అతని మొహం వైపు కూడా చూడలేదు.

పెద్ద కిటికీ దగ్గర బావ, పక్కన లోపలి సీట్లో వెల్డర్. రెక్కలు తిరగడం మొదలవగానే బావ చెవి దగ్గరికి వంగాడు.

"ఎవరడిగార్రా నిన్ను?"

"అక్క కోసం, బావా."

"తెలుసు."

బావ చేతులకి బెల్టు కొక్కెం పడటం లేదు. టన్నుల కొద్దీ పైపుల్ని గాలిలో వేలాడదీసి అంగుళం తేడా లేకుండా దింపే చేతులు గజగజ వణుకుతున్నాయి. కొక్కెం వెల్డరే పెట్టాడు.

"మూడు వారాలుగా ఇది ఎక్కకుండా ఎలా తప్పించుకోవాలా అని చూస్తున్నాను," అన్నాడు బావ. "అది అక్కడ నాకోసం కూర్చుందని తెలిసి కూడా. ఇందాక వాడు ఆగిపొమ్మంటే నా ప్రాణం లేచొచ్చిందిరా."

హెలికాప్టర్ ఒక్క ఊపు ఊగి పైకి లేచింది. బావ కళ్ళు గట్టిగా మూసుకుని, వెల్డర్ చెయ్యి విరిగేలా పట్టుకున్నాడు.

"మీ అక్కకి చెప్పకురా," అన్నాడు.