పాయింటు లేని యాభై

హోసూరులో పురుషోత్తం షెడ్డులో ఇనుమును తిప్పి చెక్కే కంప్యూటర్ లేత్‌లు రెండు ఉన్నాయి. ఒకటి పోయిన ఏడాది కొన్నది. రెండోది వచ్చి పంతొమ్మిదేళ్లు. నేర్చుకునేవాళ్లు వచ్చి పోయినా, అప్పటినుంచి దాని ముందు నిలిచింది గోపాలప్ప ఒక్కడే. శనివారం పదింటికి పాతదాన్ని తూకానికి కొనడానికి కృష్ణగిరి నుంచి ఇనుము వ్యాపారి వస్తాడు. ఆలోగా శోభన రాసిన తనిఖీ ప్రోగ్రామ్ పాత లేత్ పక్కనున్న కంప్యూటర్‌లో పనిచేస్తే అతన్ని రావద్దంటానని పురుషోత్తం మాటిచ్చాడు. పనిచేయకపోతే లేత్ లారీ ఎక్కుతుంది, గోపాలప్ప ప్యాకింగ్‌కు పోతాడు.

శోభన రెండేళ్లు గోపాలప్ప దగ్గర లేత్ నేర్చుకుంది. తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి, మేడమీది ఆఫీసులో మెషిన్లకు ప్రోగ్రాములు రాస్తోంది. రెండు నెలల కింద ఒక ప్రోగ్రాములో 50 అని రాసి, పక్కన పాయింటు పెట్టడం మరిచింది. కొత్త లేత్ దాన్ని యాభై మిల్లీమీటర్లుగానే చదువుతుంది. పాతది అట్లా కాదు. పాయింటు లేకపోతే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన చదువుతుంది, యాభై కాస్తా దాదాపు సున్నా అవుతుంది. చెక్కే టూల్ యాభై దగ్గర ఆగకుండా నడిమికి దూసుకుపోయింది. గోపాలప్ప ఎర్ర బటన్ నొక్కి ఆపాడు కాబట్టి టూల్ ఒక్కటే విరిగింది. ఎవరు రాశారని పురుషోత్తం అడిగితే గోపాలప్ప, "నేను చూసుకొని ఉండాల సారూ. కండ్లు యాడ పెట్టినానో," అన్నాడు.

తనిఖీ ప్రోగ్రామ్ అప్పుడే మొదలైంది. మెషినుకు పంపేముందు అది ప్రతి లైనునూ చదివి తప్పుంటే ఆపుతుంది. ఏ లేత్‌కు ఆ లేత్ చదివే పద్ధతి వేరు కాబట్టి 'పాత', 'కొత్త' అని రెండు ఫోల్డర్లు పెట్టింది. శోభన రాసేది నియమాలే. లెక్స్ అనే పనిముట్టు వాటి నుంచి చదివే కోడ్ తయారుచేస్తుంది. ఆ కోడ్ తయారీ, కూర్పు, పరీక్ష అన్నీ ఒకే ఆదేశంతో జరిగేలా స్క్రిప్టు రాసింది. తన ల్యాప్‌టాప్‌లో అది నెల రోజులుగా నడుస్తోంది.

గురువారం మధ్యాహ్నం పాత లేత్ పక్కనున్న పాత కంప్యూటర్‌లో నడిపింది. పదకొండు నిమిషాలు పట్టింది. పరీక్షలన్నీ పాసయ్యాయని చివరి లైను చెప్పింది.

పురుషోత్తం ఫోన్ తీశాడు. "వ్యాపారికి వద్దని చెప్పేస్తా."

"ఉండండి సారూ," అన్నాడు గోపాలప్ప. వేస్టు నూలుతో చేతులు తుడుచుకుని ఒక వేలితో ఒక లైను కొట్టాడు. అందులో 50 ఉంది, పాయింటు లేదు.

తెరమీద 'సరి' అని వచ్చింది.

పురుషోత్తం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఏమప్పా గోపాలప్పా, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావే?"

"గొయ్యయితే కనబడతాది సారూ. ఇనుమును పట్టుకొనే చక్ పగిలితే ముక్క యాడ తగులుతాదో కనబడదు."

పురుషోత్తం మేడెక్కిపోయాడు. శోభన తల ఎత్తలేదు.

"నువ్వు గమ్మునుంటే పోయేది గదా మామా. నీ లేత్ నీకుండేది."

"ఉండేది. నీ మాట నమ్మి మెషిన్ నడిపే బటన్ నొక్కేది గూడా నేనే గదమ్మా." గోపాలప్ప డ్రాయరులోంచి గేజ్ తీశాడు. రంధ్రం కొలిచే కడ్డీ అది, రెండు కొనలుంటాయి. "మొదటి దినం ఏం నేర్పినాను?"

"రంధ్రం సరిగ్గా ఉంటే గో కొన దూరాల. నో-గో కొన దూరకూడదు."

"నువ్వు గో ఒకటే దూర్చినావు. మూడు నెలలు ఇదే తప్పుకు తిట్లు తినింటివి. కంప్యూటర్ చదివితే పోతాదనుకొంటిని."

శోభనకు నవ్వొచ్చింది. కుర్చీ లాక్కుంది.

ఫోల్డర్లు తెరిచి చూస్తే తయారైన ఫైలు ఒక్కటే ఉంది, అదీ బయట. ల్యాప్‌టాప్‌లోని లెక్స్ చెప్పిన ఫోల్డరులో, చెప్పిన పేరుతో ఫైలు పెడుతుంది. ఈ కంప్యూటర్‌లోని లెక్స్ అంతకన్నా పాతది. తనను నడిపిన ఫోల్డరులోనే, ఎప్పుడూ ఒకే పేరుతో పెడుతుంది. ముందు పాత లేత్ కోడ్ పెట్టింది. తర్వాత కొత్త లేత్ కోడ్‌ను దానిమీదే రాసేసింది. స్క్రిప్టు రెండింటికీ ఆ ఒక్క ఫైలునే వాడింది. పరీక్షకు ఆమె ఇచ్చినవన్నీ సరైన ప్రోగ్రాములు. పట్టుకోవడానికి వాటిలో తప్పు లేదు.

ముందు పరీక్షలు మార్చింది. రెండు ఫోల్డర్లలోనూ తప్పు ప్రోగ్రాములు చేర్చింది. తప్పుకు 'సరి' అని వస్తే పరీక్ష ఫెయిలవ్వాలి. స్క్రిప్టు ముట్టకుండా నడిపింది. ఫెయిలయింది.

"మళ్లీ పోయిందా అమ్మా?"

"పోవాల్సిందే పోయింది మామా."

"అట్లయితే మంచిదే."

శుక్రవారం స్క్రిప్టు తిరగరాసింది. ఇప్పుడది ఒక్కో ఫోల్డరులోకి వెళ్లి అక్కడే కోడ్ తయారుచేసి, పేరు మార్చాకే బయటికొస్తుంది. రెండు కంప్యూటర్లకూ తెలిసిన ఆదేశాలే వాడింది. పాత కంప్యూటర్‌లో ఉన్నవన్నీ చెరిపి, తను చేత్తో రాసిన ఫైళ్లు మాత్రమే ఎక్కించి నడిపింది. పన్నెండు నిమిషాలు పట్టింది. అన్నీ పాసయ్యాయి.

శనివారం పదింటికి వ్యాపారి వచ్చాడు. పురుషోత్తం అతన్ని గేటు దగ్గరే నిలబెట్టి లోపలికొచ్చి, ఒక ప్రోగ్రాము మూడో లైనులో తనే పాయింటు లేని 50 కొట్టాడు. 'మూడో లైనులో పాయింటు లేదు' అని వచ్చింది. పాయింటు పెట్టాడు. 'సరి' అంది. వ్యాపారికి కాఫీ ఇప్పించి పంపాడు.

సోమవారం గోపాలప్ప టిఫిన్ సంచిలోంచి మడత కాగితం తీసి శోభనకు ఇచ్చాడు. పంతొమ్మిదేళ్లలో ఆ లేత్ మీద జరిగిన తప్పులు, చేసినవాళ్ల పేర్లతో సహా పదకొండు.

"నీవి నాలుగుండాయి. అన్నీ నీ పరీక్షలో పెట్టు."

"నీవి లేవా మామా?"

"కాగితం తిప్పమ్మా."

వెనకవైపు ఇంకో ఆరు ఉన్నాయి.