ఇస్త్రీ అక్క దగ్గు

నాలుగు రోడ్ల కూడలిలో ఇస్త్రీ అక్క పొద్దున్నే చేసే మొదటి పని బల్ల మీది మసి తుడవడం. ఆ గుడ్డ పిండితే సిరాలాంటి నీళ్లు కారేవి. రెండో పని దగ్గడం. దగ్గితే హారన్ మోగేది.

మొదట్లో స్కూటర్ హారన్. మూడేళ్లకి బస్సుది, ఆపైన లారీది. ఎవరూ వింతగా చూడలేదు. రోడ్డుకి నాలుగడుగుల దూరంలో పదిహేనేళ్లు కాపురముంటే గొంతులో కోకిల కూస్తుందా మరి?

"ఊపిరితిత్తుల నిండా రోడ్డే ఉందమ్మా. ఇల్లు మారు" అన్నాడు డాక్టరు.

"మారితే బట్టలెవరిస్తారు, మీరిస్తారా?" అంది అక్క. పాపం, ఆయన నలిగిన చొక్కాలోనే ఉన్నాడు.

ఆ ఏడాది ఆవిడ దగ్గు అంబులెన్స్ కూతయింది. అక్కడే వచ్చింది తంటా. అక్క దగ్గితే చాలు, బళ్లన్నీ పక్కకి తప్పుకునేవి. పిల్లల్ని బడికి రోడ్డు దాటించే తల్లులు "అక్కా, ఒక్కసారి దగ్గవూ" అని బతిమాలేవాళ్లు. ఆ పిచ్చిది కాదనేది కాదు, ఛాతీ పట్టుకుని మరీ దగ్గేది. రెండు నెలలకి డ్రైవర్లకి సంగతి తెలిసిపోయింది. "మన అక్కేలే" అని నవ్వుకుని, కదలడం మానేశారు.

ఒక మధ్యాహ్నం చొక్కా ఇస్త్రీ చేస్తూ చేస్తూ అక్క కూలబడింది. ఊపిరందలేదు. దగ్గూ రాలేదు. మొగుడు ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. వచ్చి, కూడలి అవతలే ఇరుక్కుపోయింది. అది కుయ్యోమని మొత్తుకుంటుంటే ఒక్క బండీ కదల్లేదు. మొగుడు రోడ్డు మీదికి పరిగెత్తి, బళ్ల అద్దాలు బాదుతూ అరిచాడు.

"ఇది అక్క కాదు బాబూ, అక్క కోసం వచ్చింది!"

దారి దొరికేసరికి అరగంట పట్టింది. అప్పటికి అక్క ప్రాణం పోయింది.

నాలుగో రోజు బస్సు డ్రైవరు తన ఖాకీ చొక్కా కోసం వచ్చాడు.

"ఏం బావా, మొన్న అక్క అరగంట ఆపకుండా దగ్గింది? చెవులు చిల్లులు పడ్డాయనుకో!"

మొగుడు చొక్కా తీసిచ్చాడు. ఒక చెయ్యి నున్నగా ఉంది, రెండోది ముడతలు ముడతలుగా ఉంది.

"ఇదేంటి, సగమే చేసిందేం?"

చెబుదామని మొగుడు నోరు తెరిచాడు. మాటకి బదులు దగ్గొచ్చింది, చిన్న స్కూటర్ హారన్‌లా.

డ్రైవరు అలవాటు కొద్దీ పక్కకి తప్పుకున్నాడు.