మాట్లాడనివాళ్ళు ముందు

విశ్వవిద్యాలయంలో నా గది మెట్ల మలుపులో ఉంటుంది. పై అంతస్తు విదేశాంగ విధానం వాళ్ళది, కింది అంతస్తు స్త్రీల అధ్యయనం వాళ్ళది. నేను రెండింటికీ చెందినదాన్ని కాబట్టి గది ఎవరివ్వాలన్న దగ్గర రెండు శాఖలూ ఒకరి మొహాలొకరు చూసుకుని, చివరికి చీపుర్లూ విరిగిన కుర్చీలూ పడేసుకునే గదిని ఖాళీ చేయించి నాకిచ్చాయి. పైవాళ్ళు "మీది ఆడవాళ్ళ సబ్జెక్టు కదండీ" అంటారు. కిందివాళ్ళు "మీది ప్రభుత్వాల గొడవ కదా" అంటారు. మా అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకి నా ఉద్యోగం గురించి చక్కగా చెబుతుంది. "దేశాలు కూర్చుని ఒప్పందాలు రాసుకుంటాయి చూడండి, వాటిలో ఆడవాళ్ళని ఎక్కడ మర్చిపోయారో మా అమ్మాయి వెతుకుతుంది." ఇన్నేళ్ళ చదువు చదివి ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఆ గది కోసం రెండు అంతస్తుల వాళ్ళతోనూ పోట్లాడింది మా పెద్దమేడం. నా పరిశోధనకి గైడు ఆవిడే. నన్ను ఈ దారిలో పెట్టింది కూడా ఆవిడే. అదీ ఒక్క మాట చెప్పకుండా, ఊరికే కూర్చుని.

పెద్దమేడం సెమినార్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరో ఒకరు వ్యాసం చదివాక, మొదటి ప్రశ్న అంతవరకూ నోరు విప్పనివాళ్ళు వెయ్యాలి. వాళ్ళలోనూ అందరికంటే కొత్తవాళ్ళు ముందు. వాళ్ళు అడిగేదాకా ఇంకెవరూ మాట్లాడకూడదు. మేడం కూడా మాట్లాడేవారు కాదు. "మాట్లాడనివాళ్ళు ముందు" అనేసి, చేతులు కట్టుకుని కూర్చునేవారు. దగ్గొస్తే అనుమతి తీసుకోవాలా అని వెనకాల జోకులు వేసుకునేవాళ్ళం. మా బ్యాచ్‌లో ఒకతనికి ఆ నిశ్శబ్దం అంటే ప్రాణసంకటం. మాటిమాటికీ చేతి గడియారం చూసుకునేవాడు. దాంతో అతని పేరే గడియారం అయిపోయింది.

ఇంట్లో నా నోటికి ఎవరూ తాళం వెయ్యలేకపోయేవాళ్ళు. ఆ గదిలో అడుగుపెడితే మాత్రం నాలుక అంగిటికి అతుక్కుపోయేది. అందరూ దేశ ప్రయోజనాలు, శక్తుల సమతూకం అంటూ గాలిలో మేడలు కడుతుంటే, నేను పుస్తకం అట్ట మీద గీతలు గీసుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు సీనియర్ ఒకాయన రెండు దేశాల సరిహద్దు తగాదా ఎలా తీరిందో వ్యాసం చదివాడు. మేడం చేతులు కట్టుకున్నారు. అందరూ నావైపు చూశారు. నోరు విప్పనిదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను మరి.

ఫ్యాను తిరుగుతోంది. గడియారం గడియారం చూసుకున్నాడు. మేడం గ్లాసులో నీళ్ళు పోసుకుని, తీరుబడిగా తాగి, మూత పెట్టారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఆవిడ జాలిపడి ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోతే బాగుండునని ముక్కోటి దేవుళ్ళకి మొక్కుకున్నాను. ఆవిడ జాలిపడలేదు. అలాగని గుచ్చి గుచ్చి చూడనూ లేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా, వస్తుందన్న నమ్మకంతో కూర్చున్నారు.

చివరికి నా నోటి నుంచి వచ్చింది. "ఆ సరిహద్దు గీతకి అవతలి ఊళ్ళలో పెళ్ళిళ్ళు చేసుకున్న ఇవతలి అమ్మాయిలు, ఏ దేశం వాళ్ళయ్యారు?"

సీనియర్ నవ్వాడు. "అది మన అంశం కాదమ్మా" అన్నాడు.

"కాదా?" అన్నారు మేడం. తర్వాత నావైపు తిరిగి, "అయితే ఎవరి అంశమో కనుక్కో" అన్నారు.

నా ఉద్యోగమంతా అది కనుక్కోవడమే. పెళ్ళితో పౌరసత్వం పోగొట్టుకున్నవాళ్ళు, బిడ్డకి తన దేశాన్ని ఇవ్వలేని తల్లులు, పని కోసం సముద్రం దాటి ఎవరింట్లోనో ఉండిపోయినవాళ్ళు, వీళ్ళ గురించి ఏ ఒప్పందంలో ఏం రాశారో, రాసింది ఎంతవరకు జరిగిందో చూడటం నా పని. ఆ రోజు మేడం ఇంకాస్త ముందే విసుక్కుని ఉంటే, నేను ఎక్కడో వడ్డీ రేట్ల మీద పాఠాలు చెప్పుకుంటూ ఉండేదాన్ని. నిజంగా చెబుతున్నాను, ఆవిడకి నేను రుణపడి ఉన్నది ఆ కాసేపటి నిశ్శబ్దానికే.

మొన్న గడియారం ఫోన్ చేశాడు. ఇప్పుడతను విదేశాంగ కార్యాలయంలో పెద్ద హోదాలో ఉన్నాడు. ఇళ్ళల్లో పని చెయ్యడానికి మన దగ్గర నుంచి వెళ్ళే ఆడవాళ్ళ గురించి ఇంకో దేశంతో ఒప్పందం రాస్తున్నారు. మన వైపు ముసాయిదా మీద చివరి సమావేశం. దానికి అతనే అధ్యక్షుడు.

"నువ్వొచ్చి కూర్చో" అన్నాడు. "మాట్లాడనిస్తారో లేదో నేను చెప్పలేను."

"కూర్చోవడానికైతే మా మెట్ల దగ్గర కూడా కుర్చీలున్నాయిగా" అన్నాను.

"ఉన్నాయిలే, విరిగినవి" అన్నాడు. ఆ గది సంగతి అతనికీ తెలుసు.

వెళ్ళేముందు మేడం ఇంటికి వెళ్ళాను. పోయినేడు ఆవిడకి జబ్బు చేసింది. మనిషి కోలుకున్నారు కానీ మాట ఆలస్యంగా వస్తోంది. ఒక్కో పదం వెతుక్కుని, పట్టుకుని, అప్పుడు పలకాలి. ఆవిడ చెల్లెలుగారు కంటికి రెప్పలా చూసుకుంటారు, కాకపోతే ఆ ప్రేమకొద్దీ అక్కగారి ప్రతి వాక్యాన్నీ తనే పూర్తి చేసేస్తారు. సమావేశం గురించి చెప్పగానే మేడం నా చెయ్యి పట్టుకుని, "అక్కడ... ముందు..." అన్నారు. "ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని వెళ్ళమంటోంది" అన్నారు చెల్లెలుగారు. జన్మలో దేవుడి ఊసెత్తని మనిషి మా మేడం. కాదన్నట్టు తల ఊపుతూనే ఉన్నారు, ఇంతలో బయట నాకోసం కారు హారన్ కొట్టింది.

సమావేశం గదిలో పొడవాటి బల్ల, చుట్టూ దిండ్ల కుర్చీలు. వాటి వెనక గోడవారగా మామూలు కుర్చీలు. నాది గోడవారన. అక్కడివాళ్ళు వినడానికే తప్ప మాట్లాడటానికి లేదట. ఆ నియమాన్ని అందరికీ గుర్తు చేసింది న్యాయ విభాగం పెద్దాయన, పెద్ద లాయరుగారు. మర్యాదస్తుడే. నాకు మంచినీళ్ళు తనే అందించి మరీ, మాట్లాడకూడదని చెప్పారు.

టీ విరామంలో నా పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి, న్యాయ విభాగంలో కొత్తగా చేరినామె, గొంతు తగ్గించి అంది. "మేడం, మీ వ్యాసం చదివాకే ఒక నిబంధన రాశాను. పనికి వెళ్ళినామె పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలని. మా సార్ కొట్టేశారు. ఇంత చిన్న విషయం ఒప్పందంలో ఎందుకు, అవతలివాళ్ళు నొచ్చుకుంటారు అన్నారు."

ఆ చిన్న విషయం కోసమే నేను ఎంతమంది ఆడవాళ్ళ ఎదురుగా కూర్చున్నానో. వాళ్ళలో ఒకావిడకి తల్లి పోయిన కబురొచ్చింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, తాళంచెవి జేబులో వేసుకుని యజమాని విహారయాత్రకి వెళ్ళాడు. ఆవిడ తల్లిని ఆఖరిసారి ఫోన్‌లో చూసుకుంది. ఈ ముసాయిదా ఆ సాయంత్రం దాటిందంటే మళ్ళీ దాన్ని కదిపేవాళ్ళుండరు.

విరామం అయ్యాక బల్ల దగ్గరివాళ్ళు మిగతా నిబంధనలన్నీ చకచకా ఒప్పేసుకున్నారు. పెద్ద లాయరుగారు కాగితాలు సర్దుకుంటున్నారు. నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. లేచి అరిస్తే బయటికి పంపిస్తారు, ఆ తర్వాత మా మాట వినేవాళ్ళుండరు.

అప్పుడు గడియారం గొంతు సవరించుకున్నాడు. "ముగించే ముందు ఒక్కటి. మాట్లాడనివాళ్ళు ముందు" అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళందరూ మాట్లాడినవాళ్ళే. గడియారం ఇంకేమీ చెప్పలేదు, నావైపు చూడనూ లేదు. చేతి గడియారం విప్పి, బల్ల మీద బోర్లించి, చేతులు కట్టుకున్నాడు.

అది నాకోసం అన్నాడని నాకొక్కదానికే తెలుసు. చెప్పాల్సినదంతా నాలుక చివరే ఉంది, లేవబోయాను. లేవబోతూ పక్కకి చూశాను. ఆ అమ్మాయి రెండు చేతులతో నీళ్ళ సీసాని నలిపేస్తోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

ఆ చెవులు నాకు తెలుసు. మా పద్ధతి ప్రకారం ఆ గదిలో అందరికంటే కొత్త తనే. నేను మళ్ళీ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను.

అంత కష్టం నేనెప్పుడూ పడలేదు. ఆ అమ్మాయి మాట్లాడకపోతే లాయరుగారు ఇక చాలంటారు, అన్నీ నీళ్ళపాలవుతాయి. ఎవరో కుర్చీ జరిపారు. లాయరుగారు కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. గడియారం ఓరగా నన్ను చూశాడు, నీకేమైందన్నట్టు. నేను కళ్ళతోనే పక్క కుర్చీ చూపించాను. అతనికి అర్థమైంది. మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

"సర్" అంది ఆ అమ్మాయి. "పనికి వెళ్ళినామె మన రాయబార కార్యాలయానికి వచ్చి, నా పాస్‌పోర్టు ఇప్పించండి అంటే... ఒప్పందంలో ఆ మాట లేకపోతే, మనం వాళ్ళని దేన్ని చూపించి అడగాలి?"

పిలిచింది అధ్యక్షుడే కాబట్టి లాయరుగారు నియమం ఎత్తలేదు. కళ్ళజోడు మళ్ళీ బయటికి తీశారు.

"ఇదివరకు ఏం జరిగిందో ఎవరికైనా తెలుసా?" అన్నాడు గడియారం. ఈసారి నేరుగా నావైపే చూశాడు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పొద్దని ఏ నియమమూ లేదు. నేను లేచి చెప్పాను. ఆ మాట రాసుకున్న ఒప్పందాల్లో ఏం జరిగిందో, రాసుకోనివాటిలో ఏం జరిగిందో చెప్పాను. బీరువా తాళంచెవి గురించి చెప్పాను. లాయరుగారు అడ్డు ప్రశ్నలు వేశారు, గట్టివే వేశారు. ఆఖరికి తన కాగితం తీసి, కొట్టేసిన నిబంధనని తనే తిరిగి రాశారు. "యజమాని తీసుకుంటే ఎన్నాళ్ళలో తిరిగివ్వాలో కూడా రాద్దాం. లేకపోతే ఉత్త అలంకారమే" అన్నారు. పెద్దమనిషి, ఆ ముక్క నాకూ తట్టలేదు.

బయటికొచ్చాక గడియారం గడియారం పెట్టుకుంటూ, "చంపేశావు. నేను పిలిచింది నిన్ను" అన్నాడు.

"రూలు రూలే కదా" అన్నాను. ఇద్దరం నవ్వాం. అతని కళ్ళు కొద్దిగా తడిగా ఉన్నాయి. నావీ అంతే.

మర్నాడు పొద్దున్నే మేడం ఇంటికి వెళ్ళాను. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నిబంధన ముసాయిదాలోకి ఎక్కిందని చెప్పాను. "అంతా మీ చలవే మేడం. ఆ రోజు మీరు నాకోసం ఆగారు. ఎన్నోసార్లు అనుకున్నాను, మీకెప్పుడూ చెప్పలేదు. థాంక్యూ" అన్నాను.

మేడం పెదాలు కదిపారు. "నా... నాకు..."

"నాకు చాలా సంతోషంగా ఉందంటోంది" అన్నారు టీ తెచ్చిన చెల్లెలుగారు.

నేను ఆవిడ చేతిలోంచి ట్రే అందుకుని, పక్క కుర్చీ చూపించాను. "కూర్చోండి పిన్నిగారూ. మేడంని చెప్పనిద్దాం."

ఆవిడ కాస్త నొచ్చుకున్నట్టే చూసి, కూర్చున్నారు. నేను చేతులు కట్టుకున్నాను. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడుతున్నారు. టీ మీద మీగడ కట్టింది. మేడం కళ్ళు మూసుకుని పదాన్ని వెతుక్కున్నారు, దొరికింది జారిపోయింది, మళ్ళీ వెతుక్కున్నారు.

"నాకోసం..." అన్నారు. "నేను చదివేటప్పుడు... ఎవరూ... ఆగలేదు."

చెల్లెలుగారు తలెత్తి అక్కగారిని చూశారు. ఇన్నేళ్ళూ ఆవిడకీ తెలియదనుకుంటాను.

మేడం నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు... ఆగావు" అన్నారు.

ఆ అమ్మాయి కోసం ఆగిన సంగతి అన్నారో, ఇప్పుడు ఇక్కడ ఆగిన సంగతి అన్నారో నేను అడగలేదు. కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. చెల్లెలుగారు టీ వేడి చేసుకొస్తానని లేవబోయి, అక్కగారి పెదాలు కదలడం చూసి మళ్ళీ కూర్చున్నారు. మేడం ఇంకో మాట మొదలుపెట్టారు. మేమిద్దరం ఆగాం.