పావురం నెత్తురు రంగు

పద్మమ్మకు కెంపులంటే పానం. ఎప్పుడో ఒక పెండ్లిల ఎవరో కాంట్రాక్టర్ భార్య మెడల కెంపుల హారం చూసినప్పటి సంది ఆమెకు అదే ధ్యాస. "కెంపు మెడల ఉంటే ముఖంల కళే వేరే ఉంటదే కృతికా," అని కోడలితోని అంటుండేది. ఐదోతనానికి మంచిదని, సూర్యుడి రాయి అని, అసలైంది దొరకాల్నంటే రాసిపెట్టి ఉండాలని ఫోన్ల వీడియోలు చూసి చెప్తుండేది.

ఆమె పెనిమిటి దామోదర్ ఆ కోరిక కాదనలే. ప్లాట్ల వ్యాపారంల బాగ గడించిన మనిషి. తన షష్టిపూర్తికి హైదరాబాద్ పోయి కెంపుల హారం తెచ్చి, పీటల మీదనే ఆమె మెడల ఏసిండు. బర్మా రాళ్లు, పావురం నెత్తురు రంగు, లోకంల ఇంతకన్న అరుదైన ఎరుపు లేదని దుకాణపాయన చెప్పిన మాటలు దామోదర్‌కు నోటికొచ్చినయి. వచ్చిపోయేటోళ్లందరికీ గవే చెప్పిండు.

తెల్లారి మధ్యాహ్నం సిద్దిపేటల వాళ్ల కొత్తింటి డాబా మీద దావత్. శామియానా అంచున పద్మమ్మ హారం ఏసుకోని కూసున్నది. ఆడోళ్లు ఒక్కొక్కరే వచ్చి రాళ్లు ముట్టి చూస్తున్నరు. ఎండ రాళ్లకెల్లి దూరి ఆమె చీర మీద ఎర్రటి చుక్కలు పడ్తున్నయి. నిన్నటి సంది ఆమెకు కాళ్లు భూమ్మీద ఆనుతలేవు.

అప్పటికే రెండు పెగ్గులేసిన ఆమె తమ్ముడు మహేందర్ దగ్గరికొచ్చి హారం చేతుల పట్టుకోని చూసిండు.

"బావా, అసలైనయేనా? గాజు ముక్కలు అంటగట్టిన్రేమో సూస్కో."

అందరు నవ్విన్రు. దామోదర్ ముఖం మాడిపోయింది.

"బర్మా కెంపులురా. పావురం నెత్తురు రంగు."

"పావురం నెత్తురు నువ్వెప్పుడన్న చూసినవా బావా?"

"చూడకుంటే ఇప్పుడు చూద్దాం," అన్నడు దామోదర్. కింద ఉన్న డ్రైవర్ పోచయ్యను మీదికి పిలిచిండు. లిఫ్టు గది మీద కూసున్న పావురాలను చూపెట్టి, "ఒకటి పట్టుకరా," అన్నడు.

పోచయ్య నేల చూపులు చూసిండు. "సార్, శుభమా అని దావత్ చేస్కుంటున్నం..."

"పట్టుకరమ్మన్న."

పద్మమ్మ పరాచికాలే అనుకున్నది. పోచయ్య తువ్వాల కప్పి ఒకదాన్ని పట్టుకొచ్చినంక, వంటోళ్ల కత్తి, తెల్లటి ప్లేటు తెప్పిచ్చినంక లేచి నిలబడ్డది.

"ఏందండి గిది? వద్దు."

"నీ హారం కోసమే కదనే! నలుగురిల ఇజ్జత్ పోతది," అన్నడు దామోదర్.

"ఇందాక మటన్ తినలేదా అక్కా?" అన్నడు మహేందర్.

తిన్నది. గది వేరు, గిది వేరు అని తెలుస్తనే ఉన్నది గని, ఎట్ల వేరో నోటికి వస్తలేదు.

అంతల్నే అయిపోయింది. రెక్కలు రెండుసార్లు కొట్టుకున్నయి. ఒక ఈక ఎగిరి పెరుగు గిన్నెల పడ్డది. ప్లేట్ల కారిన నెత్తురు అరచేతిల పట్టేంత కూడ లేదు. దామోదర్ వెనుకనుంచి వచ్చి, అడగకుండనే ఆమె మెడలకెల్లి హారం తీసి, ఆ నెత్తురు పక్కన పెట్టిండు. పిల్లా పెద్దా అందరు మీదికి వంగిన్రు. ఫోన్లు బయటికొచ్చినయి. "అచ్చం గదే రంగు!" అని ఎవరో సప్పట్లు కొట్టిన్రు.

పద్మమ్మ కూడ చూసింది. నిజంగనే ఒక్కతీరు ఉన్నది. ఎంత బాగున్నదో అనిపిచ్చింది. అట్ల అనిపిచ్చినందుకే ఆమె ముఖం తిప్పుకున్నది.

"ఆగు బావా," అన్నడు మహేందర్. "ఎండకు నల్లవడ్తున్నది చూడు. నీ రాయి మాత్రం గట్లనే ఉన్నది. రంగు కలుస్తలేదు పో."

నెత్తురు మీద పొర కట్టింది. ఈగలొచ్చినయి.

"గిది ఆరిపోయింది," అన్నడు దామోదర్. "పోచయ్యా, ఇంకోటి పట్టు."

"పట్టకు పోచయ్యా," అన్నది పద్మమ్మ.

పోచయ్య ఎటు కదలాల్నో తెల్వక ఆగిండు. దామోదర్ పెండ్లాం దిక్కు కోపంగ చూసి, హారాన్ని టిష్యూ కాయిదంతోని తుడిచి, మళ్ల ఆమె మెడల ఏసిండు. "నువ్వు సప్పుడు చెయ్యక ఫోటో దిగు," అని భుజం మీద చెయ్యేసిండు. మెడ వెనుక చల్లగ, జిగటగ ఏదో అంటింది. పద్మమ్మకు ఒళ్లంత జలదరిచ్చింది. కొక్కెం దొరకలే. గుంజింది. మెడ గీసుకపోయినా ఊడవీకి ఆ ప్లేట్లనే ఏసి, పిట్టగోడ దాక ఉరికి వాంతి చేసుకున్నది.

"బీపీ డౌనైనట్లున్నది," అన్నరు చుట్టాలు. ఎవరో పెరుగు గిన్నెలకెల్లి ఈక తీసిపారేసిన్రు. మహేందర్ గదే పెరుగు ఏసుకున్నడు.

ఆనాటి సంది ఆమె దామోదర్ పక్కన కూసోని అన్నం తినలే. కృతిక హారానికి కొక్కెం ఏపిచ్చి, దుకాణంల మిషన్ల కడిగిచ్చి తెచ్చి, "చిన్న మరక కూడ లేదత్తమ్మా. మీరు ఏసుకోకుంటే నేనేసుకుంట," అన్నది. పద్మమ్మ వద్దనలే.

నెల తిరగకముందే బంధువుల ఇంట్ల పెండ్లి. కృతిక మెడల హారం చూసి అందరు మురిసిన్రు. దామోదర్ సోఫాల కూసోని కథ చెప్తున్నడు.

"అసలు పావురాన్నే కోసి చూసినం. రెండు కోస్తే రెండింటి నెత్తురూ అచ్చం కలిసింది. ఇంకేం సర్టిఫికెట్ కావాలె?"

"అబ్బా, ఏదీ బిడ్డా," అన్నదొక ముసలమ్మ. కృతిక ముందుకు వంగి చూపెట్టింది.

పక్క వరుసల ఉన్న పద్మమ్మ లేచింది.

"ఒక్కటే పావురం," అన్నది అందరికి ఇనవడేటట్టు. "రెండోది నేను కొయ్యనియ్యలే. నెత్తురు నల్లవడ్డది. కలువలే. ఈగలు ముసిరినయి."

ముసలమ్మ హారం మీదికెల్లి చెయ్యి వెనుకకు తీసుకున్నది. దామోదర్ నవ్వుకుంట, "ఈ నడుమ దానికి పానం మంచిగుంటలేదు," అన్నడు.

పద్మమ్మ ఇనకుండ బయటికి నడిచి కారెక్కింది.

"ఇంటికేనా అమ్మా?" అన్నడు పోచయ్య.

ఎటు పోవాల్నో ఆమెకు చప్పున తోచలే.

"ముందుగాల గీడికెల్లి కదులు," అన్నది.